పై నుంచి కిందికి లెక్కేయండి: కెర్బల్‌లో కక్ష్యకు చేరే రాకెట్ కట్టడం ఎలా

రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆడటం మొదలుపెట్టిన కొత్తలో నాకు ఒకటే సూత్రం తెలుసు. రాకెట్ చాలినంత ఎత్తు వెళ్ళలేదా, ఇంకో ట్యాంకు తగిలించు. పారాచూట్, వేడిని అడ్డుకునే హీట్ షీల్డ్ తగిలించిన ఒక పాడ్ (వ్యోమగామి కూర్చునే గది), కింద స్వివెల్ అనే ఇంజిన్, మధ్యలో ఎఫ్ఎల్-టీ800 ట్యాంకు. చాల్లేదు. రెండు పెట్టాను. మూడు పెట్టాను. నాలుగోది పెట్టి స్పేస్‌బార్ నొక్కితే, రాకెట్ దాదాపు 50 సెకన్ల పాటు నిప్పులు కక్కుతూ లాంచ్‌ప్యాడ్ మీదే నిలబడింది. కొంత ఇంధనం కాలిపోయి బరువు తగ్గాక, అప్పుడు బద్ధకంగా లేచింది. మూడున్నర టన్నుల పైచిలుకు ఇంధనం ఒక్క అంగుళం కూడా కదలకుండానే ఖర్చయిపోయింది.

తర్వాత కాలిక్యులేటర్ తీసుకుని కూర్చుంటే విషయం అర్థమైంది. ఆ రాకెట్‌కు ఒక ట్యాంకుతో వచ్చే వేగం శూన్యంలో దాదాపు 2,520 మీ/సె. రెండో ట్యాంకు దానికి 1,070 కలిపింది. మూడోది 620. నాలుగోది 420 మాత్రమే. ట్యాంకు అదే, ధర అదే, ఫలితం మాత్రం ప్రతిసారీ కరిగిపోతోంది. నాలుగో ట్యాంకు దగ్గరకొచ్చేసరికి ఇంజిన్ తన బరువును తానే ఎత్తలేకపోయింది.

ఈ వ్యాసంలో చేయబోయేది దానికి సరిగ్గా తలకిందులు. రాకెట్‌ను కొస నుంచి మొదలుపెట్టి కిందికి కడతాం. ప్రతి మెట్టు దగ్గరా ఒక చిన్న లెక్క. పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తుంటే చాలు. ఫోన్‌లో స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవాళ్ళకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది, అంకెలు మాత్రం అక్కడివి వేసుకోవాలి.

ముందు గమ్యం: ఎత్తు కాదు, వేగం

కక్ష్య అంటే పైకి వెళ్ళడం అనుకుంటే మొదటి అడుగే తప్పు. ఆటలో మన భూమి స్థానంలో ఉండే కెర్బిన్ గ్రహానికి వాతావరణం 70 కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది. నిట్టనిలువుగా 100 కిలోమీటర్లు వెళ్ళినా సరే, ఇంజిన్ ఆగగానే రాయిలా తిరిగి పడతారు. కక్ష్యలో ఉన్న వస్తువు కూడా పడుతూనే ఉంటుంది. కాకపోతే అది పక్కకు ఎంత వేగంగా పోతోందంటే, అది పడేలోపు కింద నేల వంపు తిరిగి జారిపోతుంది. కెర్బిన్ చుట్టూ 80 కిలోమీటర్ల ఎత్తులో ఆ పక్కవాటు వేగం దాదాపు 2,280 మీ/సె.

కానీ రాకెట్‌లో 2,280కి సరిపడా ఇంధనం పోస్తే చాలదు. పైకి ఎక్కుతున్నంతసేపూ గురుత్వాకర్షణ వెనక్కి లాగుతుంది, గాలి అడ్డం పడుతుంది. ఈ సుంకాలన్నీ కలిపితే మొత్తం ఖర్చు దాదాపు 3,400 మీ/సె. రాకెట్ తన ఇంధనమంతా కాల్చి తెచ్చుకోగల మొత్తం వేగమార్పును డెల్టా-వి అంటారు. ఇది మీ పర్సులోని డబ్బు లాంటిది. కక్ష్యకు 3,400, అక్కడి నుంచి కెర్బిన్ చందమామ మున్ దారి పట్టడానికి ఇంకో 860. ముందు ఈ అంకెలు కాగితం మీద రాసుకున్నాకే ఆటలోని అసెంబ్లీ బిల్డింగ్‌లోకి అడుగుపెట్టండి.

డెల్టా-వి సూత్రం ఇది. రష్యాకు చెందిన సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించాడు:

డెల్టా-వి = ఐఎస్‌పీ × 9.81 × ఎల్ఎన్ (నిండు బరువు ÷ ఖాళీ బరువు)

ఎల్ఎన్ అంటే సహజ సంవర్గమానం. కాలిక్యులేటర్ మీద మీట ఉంటుంది, నొక్కితే చాలు. ఐఎస్‌పీ అంటే ఇంజిన్ మైలేజీ అనుకోండి. నిండు బరువు ట్యాంకులు నిండుగా ఉన్నప్పటిది, ఖాళీ బరువు ఇంధనం అయిపోయాక మిగిలేది.

సంవర్గమానం అక్కడెందుకొచ్చిందో తెలియాలంటే ఎడ్లబండి మీద దూరప్రయాణం ఊహించుకోండి. దారిలో ఎక్కడా గడ్డి దొరకదు. ఎడ్లకు కావాల్సిన గడ్డి కూడా బండి మీదే వేసుకోవాలి. ఇంకో రోజు ప్రయాణానికి ఇంకొంత గడ్డి. ఆ గడ్డిని మోయడానికి ఎడ్లు ఇంకొంత తింటాయి. దానికి మళ్ళీ గడ్డి. కొంతదూరం పోయాక బండి నిండా గడ్డే ఉంటుంది, మనిషి కూర్చునే చోటుండదు. నా నాలుగో ట్యాంకు ఆ గడ్డే.

మొదటి మెట్టు: తిరిగి రావాల్సింది ఏమిటి?

భూమ్మీదికి, అంటే కెర్బిన్ మీదికి, ప్రాణాలతో తిరిగి రావాల్సింది ఎంకే1 పాడ్ ఒక్కటే. దాని బరువు 0.84 టన్నులు. నెత్తిన ఎంకే16 పారాచూట్ 0.1. అడుగున 1.25 మీటర్ల హీట్ షీల్డ్ 0.3. దాని కింద, పనైపోయిన భాగాన్ని విడగొట్టే ఒక టీడీ-12 డీకప్లర్ 0.04. మొత్తం 1.28 టన్నులు.

ఇంకేమీ పెట్టకండి. నిచ్చెన, దీపాలు, అదనపు బ్యాటరీ, యాంటెన్నా అన్నీ చూడ్డానికి బాగుంటాయి. వాటి అసలు ఖరీదు ఎంతో కాసేపట్లో చూద్దాం.

రెండో మెట్టు: పై స్టేజ్

స్టేజ్ అంటే తన ట్యాంకూ ఇంజిన్‌తో విడిగా ఉండే రాకెట్ భాగం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు బలమైన ఇంజిన్ పెట్టడం. రెండు రకాలుగా కట్టి పోల్చి చూద్దాం. రెండింటిలోనూ ట్యాంకు ఒకటే, ఎఫ్ఎల్-టీ400. నిండుగా 2.25 టన్నులు, ఖాళీగా 0.25.

టెరియర్ ఇంజిన్ బరువు 0.5 టన్ను, శూన్యంలో థ్రస్ట్ (నెట్టే బలం) 60 కిలోన్యూటన్లు, ఐఎస్‌పీ 345 సెకన్లు. నిండు బరువు 1.28 + 2.25 + 0.5 = 4.03 టన్నులు. రెండు టన్నుల ఇంధనం కాలిపోయాక 2.03. సూత్రంలో వేస్తే 345 × 9.81 × ఎల్ఎన్ (4.03 ÷ 2.03) = దాదాపు 2,320 మీ/సె.

ఇప్పుడు టెరియర్ తీసేసి స్వివెల్ పెట్టండి. బరువు 1.5 టన్నులు, థ్రస్ట్ 215 కిలోన్యూటన్లు, ఐఎస్‌పీ 320. నిండు బరువు 5.03, ఖాళీ 3.03. ఫలితం దాదాపు 1,590 మీ/సె. మూడున్నర రెట్ల బలమున్న ఇంజిన్ పెట్టి 730 మీ/సె పోగొట్టుకున్నాం! మున్‌కి వెళ్ళే ఖర్చులో ముప్పాతిక భాగానికి పైగా ఇక్కడే గాలికిపోయింది.

పైకి చేరాక బలంతో పెద్దగా పనిలేదు. అప్పటికే రాకెట్ గాలి దాటి పక్కకు పరుగెడుతుంటుంది, తీరిగ్గా నెట్టుకోవచ్చు. అక్కడ ముఖ్యం మైలేజీ, తక్కువ బరువు. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్‌ను చూడండి. కింద ఒక్కో ఎస్200 బూస్టర్ గరిష్ఠ థ్రస్ట్ 5,000 కిలోన్యూటన్లు దాటుతుంది. పైనున్న క్రయోజెనిక్ ఇంజిన్ సీఈ-20ది దాదాపు 200 మాత్రమే.

అలాగని టెరియర్‌ను కింద పెట్టేరు సుమా. సముద్రమట్టం దగ్గర దాని ఐఎస్‌పీ 85కి పడిపోతుంది, థ్రస్ట్ 15 కిలోన్యూటన్లు కూడా ఉండదు. శూన్యం కోసం చేసిన ఇంజిన్‌కు బయటి గాలి పీడనం గొంతు నొక్కేస్తుంది. ఇంజిన్ వివరాల్లో ఐఎస్‌పీ రెండు అంకెలుగా కనిపించేది ఇందుకే. ఒకటి గాలిలో, ఇంకోటి శూన్యంలో.

మూడో మెట్టు: కింది స్టేజ్, ఎత్తగలదా లేదా

పైనున్న 4.03 టన్నులు ఇప్పుడు కింది స్టేజ్‌కు సరుకు. దాని కింద ఇంకో డీకప్లర్, ఒక ఎఫ్ఎల్-టీ800, ఒక ఎఫ్ఎల్-టీ400, ఒక స్వివెల్. మొత్తం బరువు 12.32 టన్నులు. ఇంధనం ఆరు టన్నులు కాలిపోతే 6.32.

ఇక్కడ ముందు చూడాల్సింది డెల్టా-వి కాదు, థ్రస్ట్‌కూ బరువుకూ ఉన్న నిష్పత్తి. టీడబ్ల్యూఆర్ అంటారు. లాంచ్‌ప్యాడ్ దగ్గర స్వివెల్ థ్రస్ట్ 168 కిలోన్యూటన్లు. రాకెట్ బరువు 12.32 × 9.81 = దాదాపు 121 కిలోన్యూటన్లు. భాగిస్తే 1.39.

ఒకటి కంటే తక్కువుంటే నా నాలుగు ట్యాంకుల రాకెట్ గతే. 1.05 ఉంటే లేస్తుంది కానీ నత్తలా లేస్తుంది. గాల్లో నిలువుగా గడిపే ప్రతి సెకనుకూ గురుత్వాకర్షణ 9.81 మీ/సె కప్పం కట్టించుకుంటుంది. ఒక నిమిషం నిలువుగా ఎక్కితే దాదాపు 590 మీ/సె ఆ కప్పానికే పోతుంది. మరి రెండున్నర ఉంటే? దట్టమైన గాలిలోనే వేగం మితిమీరి రాకెట్ ముక్కు ఎర్రబడుతుంది, ఇంధనం గాలితో కుస్తీ పట్టడానికి సరిపోతుంది. పైగా అవసరానికి మించిన ఇంజిన్ బరువు మోస్తున్నట్టే. నా లెక్కలో 1.3 నుంచి 1.6 మధ్య హాయి.

డెల్టా-వి ఇప్పుడు చూద్దాం. గాలిలో ఐఎస్‌పీ 250తో వేస్తే 1,640, శూన్యంలో 320తో వేస్తే 2,100. రాకెట్ పైకి పోతున్నకొద్దీ గాలి త్వరగా పలచబడుతుంది కాబట్టి నిజమైన విలువ రెండో అంకెకు దగ్గరగా ఉంటుంది. 2,000 అనుకుందాం. పై స్టేజ్ 2,320తో కలిపితే 4,300 పైచిలుకు. కక్ష్యకు కావాల్సింది 3,400. మన దగ్గర 900 మిగులు ఉంది.

ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. నాలుగు ట్యాంకుల రాకెట్‌లో ఇంధనం 16 టన్నులు, ప్యాడ్ మీది నుంచి లేవడానికే 50 సెకన్లు పట్టింది. ఇందులో ఇంధనం ఎనిమిది టన్నులే, కక్ష్య దాటి ఇంకా మిగులుతోంది. తేడా అంతా ఖాళీ అయిన ట్యాంకునూ పనైపోయిన ఇంజిన్‌నూ దారిలో వదిలేయడంలో ఉంది.

డెల్టా-వి, టీడబ్ల్యూఆర్ రెండూ ఆటే లెక్కకట్టి చూపిస్తుంది కదా, ఈ కాలిక్యులేటర్ గోలెందుకు అంటారేమో. చూపిస్తుంది. కానీ ఒక్క రాకెట్‌కైనా చేత్తో లెక్కకడితే, ఏ ముక్క ఎక్కడ పెడితే ఏమవుతుందో ఆ తర్వాత కళ్ళతోనే తెలిసిపోతుంది.

నాలుగో మెట్టు: తలకిందులు కాకుండా

లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా 8 కిలోమీటర్ల ఎత్తులో రాకెట్ గిరగిరా పల్టీలు కొట్టే రోజు ఒకటి ఖాయంగా వస్తుంది. అందరికీ వచ్చింది.

షటిల్ కాక్‌ను ఎలా కొట్టినా బరువైన బుడిపె ముందుకు, ఈకలు వెనక్కు తిరుగుతాయి. బరువు ముందుంది, గాలి పట్టు వెనకుంది కాబట్టి. రాకెట్‌కూ అంతే. ద్రవ్యరాశి కేంద్రం పైన ఉండాలి, గాలి పీడనం పట్టే కేంద్రం కిందుండాలి. అసెంబ్లీ బిల్డింగ్‌లో ఈ రెండింటినీ చూపించే మీటలుంటాయి. పసుపు గోళం ద్రవ్యరాశిది, నీలం గోళం గాలిది. నీలం గోళం పసుపు దానికంటే కిందుండేలా అడుగున నాలుగు రెక్కలు పెట్టండి. రెక్కలు పైన పెడితే బాణానికి ఈకలు ముల్లు వైపు కట్టినట్టే.

ఇంజిన్‌ను పైన పెడితే రాకెట్ వేలాడుతూ నిటారుగా ఉంటుందని చాలామందికి అనిపిస్తుంది. అలా అనుకున్నవాళ్ళలో రాబర్ట్ గొడ్డార్డ్ అంతటివాడు ఉన్నాడు. 1926 మార్చి 16న అమెరికాలో ఎగిరిన మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్‌లో ఇంజిన్ పైన, ట్యాంకులు కింద ఉండేవి. కానీ థ్రస్ట్ రాకెట్‌తో పాటే వంగుతుంది, పైనున్న మేకుకు కట్టిన తాడులా నిలబడదు. రాకెట్ ఒరిగితే థ్రస్ట్ కూడా అదే పక్కకు ఒరుగుతుంది. నిలబెట్టేది రెక్కలు, లేదా తిరిగే నాజిల్, అంటే మంట బయటికొచ్చే ఇంజిన్ మూతి.

స్వివెల్ నాజిల్ మూడు డిగ్రీల వరకు తిరుగుతుంది, అందుకే దాన్ని ఎంచుకున్నాను. రిలయంట్ ఇంజిన్‌కు బలం ఎక్కువ, బరువు తక్కువ, కానీ నాజిల్ తిరగదు. కొత్తవాళ్ళకు ఆ ఆశ వద్దు.

ఐదో మెట్టు: స్టేజింగ్ వరుస

ఇది భౌతికశాస్త్రం కాదు, అయినా ఎక్కువ రాకెట్లు పోయేది ఇక్కడే. తెర పక్కన స్టేజ్‌ల జాబితా కింది నుంచి పైకి అమలవుతుంది. అట్టడుగున స్వివెల్. దాని పైన కింది డీకప్లర్, టెరియర్ కలిపి ఒకే గడిలో. ఆపైన పై డీకప్లర్. అన్నిటికన్నా పైన పారాచూట్. నేనొకసారి పారాచూట్‌ను స్వివెల్‌తో ఒకే గడిలో ఉంచి మరిచిపోయాను. రాకెట్ లేచింది, పారాచూట్ కూడా విచ్చుకుంది, మరుక్షణమే చిరిగి పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఇక అడగాల్సిన పనిలేదు.

ఆరో మెట్టు: ఎగరడం

స్పేస్‌బార్ నొక్కండి. టీడబ్ల్యూఆర్ 1.39 కాబట్టి మొదట్లో పైకి త్వరణం 0.39 × 9.81, అంటే సెకనుకు సెకనుకు 3.8 మీటర్లు. 50 మీ/సె చేరడానికి 13 సెకన్లు పడుతుంది. అక్కడ తూర్పు వైపు, అంటే 90 డిగ్రీల దిశలో, ఓ ఐదారు డిగ్రీలు వంచండి. తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడమే మేలు. ముక్కును నావ్‌బాల్ (దిశలు చూపించే గోళం) మీద ప్రోగ్రేడ్ గుర్తు, అంటే రాకెట్ పోతున్న దిశ, వెంట ఉంచితే గురుత్వాకర్షణే రాకెట్‌ను మెల్లగా వంచుతుంది. 10 కిలోమీటర్ల దగ్గర వాలు 45 డిగ్రీలకు అటూఇటూగా ఉంటే సరిగ్గా ఉన్నట్టే. ఇంకా నిటారుగా ఉంటే వచ్చేసారి మొదట్లో ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ వంచండి. మరీ పడుకుంటే రెండు తగ్గించండి. ఇది లెక్కతో వచ్చేది కాదు, మూడు నాలుగు ప్రయత్నాలకు చెయ్యి తిరుగుతుంది.

తూర్పే ఎందుకంటే గ్రహం అటే తిరుగుతోంది. కెర్బిన్ భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 175 మీటర్ల వేగంతో తిరుగుతుంది. తూర్పుకు పోతే అది మీకు ఉచితం. పడమరకు పోతే దాన్ని ముందు తీర్చుకుని, తర్వాత మళ్ళీ సంపాదించాలి, మొత్తం 350 తేడా. శ్రీహరికోట దగ్గర నేల ఇచ్చే ఈ ఉచిత వేగం సెకనుకు దాదాపు 450 మీటర్లు. తూర్పున బంగాళాఖాతం ఉండటం మన అదృష్టం. ధ్రువ కక్ష్యకు పోయే పీఎస్‌ఎల్‌వీకి ఆ సౌకర్యం లేదు. పైగా శ్రీలంక మీదుగా పోకుండా మలుపు తిరగాలి, ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది.

కింది స్టేజ్ దాదాపు 88 సెకన్లు కాలుతుంది. అది అయిపోగానే మళ్ళీ స్పేస్‌బార్, టెరియర్ అందుకుంటుంది. మ్యాప్‌లో అపోయాప్సిస్, అంటే మీ దారిలో అత్యంత ఎత్తైన బిందువు, 80 కిలోమీటర్లు చూపించగానే ఇంజిన్ ఆపేయండి. ఆపడానికి మనసొప్పదు, ఆపండి. రాకెట్ తనంతట తానే పైకి తేలుతుంది. ఆ బిందువు దగ్గర మాన్యూవర్ గుర్తు (ఇంజిన్ కాల్చాల్సిన చోటు) పెట్టి ప్రోగ్రేడ్ లాగుతూ దారి గుండ్రంగా అయ్యేలా చూడండి. ఆట చెప్పిన కాల్చే సమయంలో సగం ముందు మొదలుపెట్టి సగం తర్వాత ముగించండి. పెరియాప్సిస్, అంటే అత్యంత తక్కువ ఎత్తు, 70 దాటిందా, మీరు కక్ష్యలో ఉన్నారు.

తిరుగు ప్రయాణం సులువు. రాకెట్‌ను రెట్రోగ్రేడ్, అంటే పోతున్న దిశకు ఎదురుగా, తిప్పి పెరియాప్సిస్ 30 కిలోమీటర్లకు దగ్గరగా వచ్చేవరకు కాల్చండి. టెరియర్ స్టేజ్ వదిలేయండి. హీట్ షీల్డ్ ముందుండేలా రెట్రోగ్రేడ్ పట్టుకుని ఉండండి. వేగం సెకనుకు 250 మీటర్ల కంటే తగ్గాకే పారాచూట్.

100 కిలోల ఖరీదు

ఇందాక వాయిదా వేసిన లెక్క ఇది. పాడ్‌కు 100 కిలోల దీపాలూ నిచ్చెనలూ తగిలించారనుకుందాం. పై స్టేజ్ డెల్టా-వి 2,320 నుంచి 2,240కి పడుతుంది. ఆ 100 కిలోలను కింది స్టేజ్ కూడా మోయాలి కాబట్టి అక్కడ ఇంకో 23 పోతుంది. మొత్తం 100 మీ/సె పైనే. అదే 100 కిలోలు కింది స్టేజ్‌కే తగిలిస్తే నష్టం 23 మాత్రమే. ఒకే బరువు, పైన పెడితే నాలుగు రెట్ల ఖరీదు. పై నుంచి కిందికి కట్టమన్నది ఇందుకే.

తిప్పి చూస్తే మనకు లాభం కూడా ఇక్కడే ఉంది. హీట్ షీల్డ్ మీద కుడి క్లిక్ చేయండి. వేడికి కాలిపోతూ పాడ్‌ను కాపాడే పూత, అబ్లేటర్, 200 యూనిట్లుంటుంది, ఒక్కో యూనిట్ ఒక కిలో. కెర్బిన్ కక్ష్య నుంచి గానీ మున్ నుంచి గానీ తిరిగొచ్చే ఇంత చిన్న పాడ్‌కు అందులో సగం చాలు. స్లైడర్‌ను 100కి లాగితే 100 కిలోలు తగ్గాయి, దాదాపు 110 మీ/సె చేతికొచ్చింది. పాడ్‌లో చిన్న థ్రస్టర్ల కోసం ఉండే ఇంధనం, మోనోప్రొపెలెంట్, కూడా 40 కిలోలు. థ్రస్టర్లు పెట్టలేదు కదా, అదీ తీసేయండి.

ఇప్పుడు మిగులు వెయ్యి దాటింది. మున్ దారికి 860. మున్ మీద దిగడానికి ఇది చాలదు, దాని వెనకగా చుట్టి తిరిగి రావడానికి చాలు. టెరియర్ కాల్చే సమయం ఎక్కువైపోయి దారి వంకర పోతోందనిపిస్తే, ఒకేసారి కాల్చకుండా కెర్బిన్‌కు దగ్గరగా వచ్చిన ప్రతిసారీ కొంత కొంత కాల్చి కక్ష్యను సాగదీయండి. 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 చేసింది అదే. భూమి చుట్టూ కక్ష్యను దఫాలుగా పెంచుకుంటూ పోయి, ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టింది.